సగంలో తెగే పాట

మా వదిన నోట్లో నాలుక లేని మనిషి అని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే ఉద్యోగానికి సెలవు పెట్టాలి. ఆ రోజు టౌన్ హాల్లో, అంతమంది పెద్దమనుషుల మధ్య, పియానో ముందు కూర్చుని ఆవిడ అన్న మాటలు నేను నా చెవులతో విన్నాను. నా పక్క కుర్చీలో మా నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయనా విన్నాడు.

ముందు వదిన సంగతి చెప్పాలి. ఆవిడది నీళ్ళ ఆఫీసులో ఉద్యోగం. ఊళ్ళో ఎవరి కుళాయి ఎండినా, ఏ వీధిలో పైపు పగిలినా, బిల్లు చూసి ఎవరి కళ్ళు తిరిగినా ఫోను మోగేది వదిన దగ్గరే. పొద్దున్న హెడ్‌ఫోను చెవులకి తగిలించుకుని కూర్చుంటే సాయంత్రం దాకా తిట్లు తినడమే పని. అటువైపు మనిషి ఏడు తరాల్నీ తవ్వి పోస్తున్నా ఇటువైపు గొంతు పెరగకూడదు. "మీ ఇబ్బంది అర్థమైందండీ. కాసేపు ఆగండి" అనాలి. మొహంలో నవ్వు ఉందో లేదో చూసుకోవడానికి ఆఫీసువాళ్ళే ఒక్కొక్కరి బల్ల మీదా చిన్న అద్దం పెట్టారట. మొహం నవ్వితే గొంతూ నవ్వుతుందని వాళ్ళ సిద్ధాంతం. నేను రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేస్తాను. నన్ను ఎవరైనా ఒకటంటే రెండంటాను. ఆ అద్దం నా ముందు పెడితే ఒక పూట కూడా నిలవదు.

అలా రోజంతా మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చాక వదిన నోరు విప్పేది కాదు. కోపం వల్ల కాదు, ఓపిక లేక. కంచాలు పెట్టేటప్పుడు "రండి" అనేది, తీసేటప్పుడు అదీ లేదు. మా అన్నయ్య రాత్రి బస్సు నడుపుతాడు. వదిన వచ్చే వేళకి ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటాడు. గుమ్మం దగ్గర ఒకరి తాళాలు ఒకరికి అందించుకోవడమే వాళ్ళ కాపురం అని నేను ఏడిపించేదాన్ని.

ఇక ఆ ఇంట్లో మిగిలింది మా నాన్న. ఆయన ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. చేరిన రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా అదే లిఫ్టు, అదే స్టూలు. జనం లోపలికొచ్చి "నాలుగు" అనేవాళ్ళు, "ఏడు" అనేవాళ్ళు, దిగిపోయేవాళ్ళు. జీవితమంతా ఆయనతో మనుషులు మాట్లాడింది అంకెలే. అయితే వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేవన్నీ ఆయన చెవిన పడేవి. ఎవరిని ఉద్యోగంలోంచి పీకబోతున్నారో, ఎవరు ఎవరి వెంట పడుతున్నారో, అన్నీ తెలుసు. లిఫ్టువాడికి చెవులుంటాయని ఎవరికీ తోచదు కదా! చిన్నప్పుడు మేం ఎంత బతిమాలినా ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. "లిఫ్టులో విన్నది లిఫ్టులోనే దింపి రావాలమ్మా" అనేవాడు. అంత గుంభన మనిషి.

వదినకి పియానో పిచ్చి పట్టింది ఆఫీసులోనే. ఫోను చేసినవాళ్ళని ఆగమన్నప్పుడు వాళ్ళకి వినిపించడానికి ఒక పాట పెట్టారు. పియానో మీద వాయించిన నెమ్మదైన పాట, ఎప్పటివాడో పేరున్న సంగీతకారుడు రాసింది. అందులో మాటల్లేవు. స్వరాలతోనే ఒక వాక్యం, కాస్త విరామం, ఇంకో వాక్యం, ఇంకాస్త విరామం. మూడో వాక్యం మొదలయ్యేలోపు ఎవరో ఒకరు ఫోను అందుకుంటారు, పాట తెగిపోతుంది. ఎవరూ అందుకోకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. అన్నేళ్ళుగా ఆ పాట వింటున్న ఆఫీసులో దాని చివర ఎలా ఉంటుందో ఒక్కరికీ తెలియదు. మిగతావాళ్ళకి ఆ సంగతి పట్టలేదు. మా వదినకి పట్టింది.

"చివరిదాకా ఒక్కసారి వినాలి అమ్మాయీ" అంది నాతో ఒకరోజు.

"దానికేం, రికార్డు కొనుక్కుంటే పోలా?" అన్నాను.

"కాదు. నేనే వాయించాలి. నలుగురు కూర్చుని వినాలి. మధ్యలో ఎవరూ ఆపకూడదు."

అంత పొడుగు మాట ఆవిడ నోట విని నేను తెల్లబోయాను. మర్నాటికే మాస్టారు దొరికాడు. ఆయన ఒకప్పుడు పెద్ద హోటల్లో, భోంచేసేవాళ్ళు వింటారో వినరో తెలియకుండా పియానో వాయించినవాడు. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళకి నేర్పుతున్నాడు. చిన్నపిల్లల్ని చేర్చుకోడు. ఆయన శిష్యుల్లో ఒక పళ్ళ డాక్టరు, ఒక రిటైరైన లెక్కల టీచరు, ఇంకా ఇలాంటివాళ్ళే ఉన్నారు. ఆయన పాఠమంటే గోల. కర్రతో బల్ల మీద కొడుతూ, వీధి చివరకి వినపడేలా "ఒకటీ, రెండూ, మూడూ" అని అరుస్తూనే ఉంటాడు. ఆయన గొంతు ముందు ఇంకో గొంతుకి చోటుండదు.

ఆయన పద్ధతి ఒకటుంది. పెద్ద వయసులో నేర్చుకునేవాళ్ళకి వేళ్ళు మర్చిపోతాయట గానీ నోరు మర్చిపోదట. అందుకని పాటలో ఒక్కొక్క వాక్యానికీ మీ సొంత మాటలు కట్టుకోండి అంటాడు. "ఏ మాటలైనా ఫర్వాలేదు. గట్టిగా మనసుకి తగిలే మాటలైతే ఇంకా మంచిది. పైకి అనకండి, నాకూ చెప్పకండి. మనసులో పాడుకుంటూ వాయించండి, వేళ్ళు వాటంతటవే నడుస్తాయి" అని బోధ. వదిన బుద్ధిగా తల ఊపి వచ్చింది.

ఇంట్లోకి కరెంటు పియానో ఒకటి కొన్నారు. పెట్టడానికి చోటెక్కడ? పడగ్గదిలో పగలంతా అన్నయ్య నిద్ర. ముందు గదిలో భోజనాల బల్ల. మిగిలింది నాన్న గది. గదంటే ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కిటికీ. పియానో వచ్చాక మంచం గోడకి అంటుకుపోయింది, బీరువా తలుపు సగమే తెరుచుకునేది. ఆ కిటికీ కింద కాస్త గాలీ వెలుతురూ ఉన్న చోట నాన్న కుర్చీ. దానికి వీపు తిప్పి వదిన స్టూలు. మావగారికి ఇబ్బంది కాకూడదని వదిన హెడ్‌ఫోను పెట్టుకుని వాయించేది. బయటికి పాట వినిపించదు, పియానో మెట్లు నొక్కిన టకటక తప్ప. నేను అప్పుడప్పుడూ వెళ్ళినా పగటిపూట వెళ్ళి, అన్నయ్య నిద్ర లేచేదాకా కూర్చుని వచ్చేసేదాన్ని. సాయంత్రాలు నా రైళ్ళతో నాకు సరిపోయేది.

ఇలా ఏళ్ళు గడిచాయి. మొన్న ఊళ్ళో జరిగిన సంగీతోత్సవంలో పెద్దల విభాగానికి పోటీ పెట్టారు. సంగీతం వృత్తిగా లేనివాళ్ళు మాత్రమే పాల్గొనాలి. మాస్టారు తన శిష్యులందరినీ తోలాడు. అందరూ తలో పాటా తీసుకున్నారు, వదిన మాత్రం ఆఫీసు పాటే. నేను ఆ రోజు సెలవు పెట్టాను. నాన్న కూడా వస్తానన్నాడు.

"హాల్లో మెట్లు ఎక్కాలి మావయ్యగారూ. మీకు ఆయాసం వస్తుందేమో" అంది వదిన.

"లిఫ్టు ఉండదా?" అన్నాడు నాన్న. ఆయన వేసిన జోకు అదొక్కటే. ఇత్తడి బొత్తాలున్న పాత యూనిఫాం కోటు తీసి ఇస్త్రీ చేయించుకున్నాడు. ఆయన దగ్గరున్న మంచి కోటు అదే.

హాలు నిండిపోయింది. రెండో వరసలో మాకు చోటు దొరికింది. వేదిక మీద నల్లటి పెద్ద పియానో, మూత ఎత్తి ఉంది. పక్కన చిన్న బల్ల దగ్గర న్యాయనిర్ణేత, కళ్ళజోడు ముక్కు చివరకి జారిన ఒక పెద్దావిడ. ఆవిడ గంట కొడితే మొదలుపెట్టాలి. తడబడితే ఒక్కసారి మాత్రం మళ్ళీ మొదలుపెట్టవచ్చు, రెండోసారి ఆగితే పోటీలోంచి తప్పుకున్నట్టే. పళ్ళ డాక్టరు చెమటలు కక్కుతూ వాయించి దిగిపోయాడు. లెక్కల టీచరు ఒక్క తప్పు లేకుండా వాయించింది, కళ్ళు మూసుకుంటే ఎక్కాలు చెబుతున్నట్టే ఉంది.

తర్వాత వదిన. స్టూలు సర్దుకుంది. రెండు చేతులూ చెవుల దగ్గరికి తీసుకెళ్ళి, లేని హెడ్‌ఫోనుని సవరించుకుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గంట మోగింది.

మొదటి వాక్యం వింటూనే నా ఒళ్ళు పులకరించింది. మా వదినేనా! ఆ కరెంటు పెట్టె ముందు టకటకలాడించిన మనిషి చేతుల్లో ఇంత ఉందా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఎవరో కూనిరాగం తీయడం వినబడింది. ఆడగొంతు. పాటకి అతుక్కుని, కొంచెం శ్రుతి తప్పుతూ. నాకు మండిపోయింది. టిక్కెట్టు లేనివాణ్ణి వెతికినట్టు తల తిప్పి ఒక్కొక్క మొహం చూశాను. అందరూ బుద్ధిమంతుల్లాగే కూర్చున్నారు.

వదినకీ వినబడినట్టుంది. ఆపేసింది. జనం వైపు తిరిగి, మొహాన ఆ ఆఫీసు నవ్వు తెచ్చుకుని, "దయచేసి ఎవరూ పాడకండి. మీ సహకారానికి ధన్యవాదాలు" అంది.

న్యాయనిర్ణేత కళ్ళజోడు మీదుగా వదిన వైపు అదోలా చూసింది. ఏదో చెప్పబోయి మానుకుంది. "ఇంకొక్కసారి మొదలుపెట్టవచ్చు. ఇదే ఆఖరు" అని గంట కొట్టింది.

వదిన మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆ గొంతు వచ్చింది. ఈసారి కూనిరాగం కాదు, మాటలు.

"ఎప్పుడు ఖాళీ చేస్తావు మావయ్యా..."

నా పై ప్రాణం పైనే పోయింది. గొంతు వేదిక మీంచి వస్తోంది. వదిన పెదాలు కదులుతున్నాయి. కళ్ళు అరమూసుకుని, మెడ కొంచెం వాల్చి, ఎంతో హాయిగా పాడుకుంటోంది.

"ఈ గది ఎప్పుడు ఖాళీ చేస్తావు..."

వెనక వరసల్లో నవ్వులు. పక్కావిడ "అయ్యో రామ" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా ఏనాడూ "మావయ్యగారూ, మీరు" తప్ప ఇంకో మాట అనని మనిషి! ఊరి జనం ముందు ఏకవచనంతో, రాగం తీసి, మా నాన్నని గది ఖాళీ చేయమంటోంది. డెబ్బై దాటిన మనిషి గది ఖాళీ చేసి ఎక్కడికి పోతాడు? ఒక్కచోటికే కదా. సిగ్గుతో చచ్చిపోతూ నాన్న వైపు తిరిగాను, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోదామని.

నాన్న పెదాలు కదులుతున్నాయి.

ఆయనకి మాటలన్నీ వచ్చు. వదిన పాడుతుంటే ఆవిడతో సమంగా లోలోపల పాడుతున్నాడు. అంతే కాదు, వదిన విరామంలో ఆగినప్పుడు కూడా ఆయన పెదాలు కదిలాయి. ఏమంటున్నాడో నాకు అందలేదు.

రెండో వాక్యం చివర వదినకి తన గొంతు వినబడింది. ఆ మాటలు లోకంలో తను తప్ప ఇంకెవరికీ తెలియనివి కదా, మరి ఎవరు పాడుతున్నారు? మెట్ల మీంచి చేతులు తీసి చటుక్కున నోరు మూసుకుంది. తిరిగి మావైపు చూసింది. నాన్నని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ నాన్నని చూసింది. మొన్న మొన్నటిదాకా ఆ గదిలో ఆయనకి వీపు తిప్పి కూర్చుని సాయంత్రం సాయంత్రం ఏం పాడిందో అంతా ఒక్కసారిగా కళ్ళముందు తిరిగినట్టుంది.

ఆఫీసులో పాట రోజూ తెగేది సరిగ్గా అక్కడే. ఇక ఆగిందంటే అంతే సంగతులు. న్యాయనిర్ణేత చెయ్యి గంట మీదకి వెళ్ళింది.

"కిటికీ నాకు, తలుపు నాకు."

అన్నది మా నాన్న. లేచి నిలబడలేదు, గొంతు పెంచలేదు. మూడో అంతస్తు వచ్చింది అని చెప్పినట్టు చెప్పాడు. న్యాయనిర్ణేత చెయ్యి గంట కొట్టకుండా దాని మీదే ఆగిపోయింది. హాలంతా మావైపు తిరిగింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

"తర్వాతది అదేనమ్మా. కానీ" అన్నాడు నాన్న.

వదిన చేతులు మెట్ల మీదకి వెళ్ళాయి. నోరు బిగించుకుని వాయించబోయింది, వేళ్ళు కదల్లేదు. ఆ వేళ్ళకి తెలిసిన దారి నోటిలోంచే ఉంది. ఇంకేం చేస్తుంది? కళ్ళు గట్టిగా మూసుకుని, వణికే గొంతుతో అందుకుంది.

"కిటికీ నాకు, తలుపు నాకు, దగ్గు నీది, దుప్పటి నీది, మూట కట్టుకుపో మావయ్యా..."

ఇప్పుడెవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా భయపడ్డారు. పాట పైకి ఎక్కింది, ఎడమచేయి ఉరుముతున్నట్టు మోగింది. వదిన గొంతు కూడా పెరిగింది. ఆవిడ గొంతు పెంచగలదని నాకు ఆ రోజే తెలిసింది.

"ఊరంతా నన్ను తిడుతుంది మావయ్యా, నిన్ను కాక నేనెవర్ని తిట్టను..."

తర్వాత పాట మెల్లగా కిందికి దిగింది. చివరి వాక్యం. ఫోన్లో ఎవరూ ఎన్నడూ వినని ముక్క. దాన్ని వదిన దాదాపు గుసగుసగా పాడింది.

"వెళ్ళేటప్పుడు మాత్రం చెప్పి వెళ్ళు మావయ్యా."

అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో ఎవరికీ పాలుపోలేదు. పళ్ళ డాక్టరు ఒక్కడే లేచి టపటపా కొట్టాడు, వెనకాల ఒక్కొక్కరూ అందుకున్నారు. వదిన వంగి నమస్కారం పెట్టడం కూడా మర్చిపోయి పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది.

నేను వెంట పరిగెత్తాను. నడవా చివర, కోట్లు తగిలించే కొక్కేల మధ్య గోడవైపు మొహం పెట్టి నిలబడి ఉంది. నాకు ఒళ్ళు తెలియని కోపం.

"ఏంటొదినా అది? మా నాన్ననా నువ్వు ఖాళీ చేయమనేది? అదీ ఇంతమందిలో!"

"మనసులో పాడుకోమన్నారు మాస్టారు. మనసులోనే అనుకున్నాను అమ్మాయీ" అంది. "చెవులు మూసుంటే నాకెలా తెలుస్తుంది? ఆఫీసులో హెడ్‌ఫోను పెట్టుకుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఇంట్లో కూడా... అన్ని సాయంత్రాలూ... వెనకాలే కూర్చుని ఉన్నారు అమ్మాయీ. రోజూ విన్నారు. ఒక్కరోజైనా ఒక్క మాటనలేదు."

తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అంతలో పళ్ళ డాక్టరు నడవాలోకి వచ్చాడు. "బాధపడకండి మేడమ్. నా పాటకి నేను కట్టుకున్న మాటలు వింటే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అని చెప్పి, ఇటూ అటూ చూసి, నోటి మీద వేలు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బహుమతి లెక్కల టీచరుకి వచ్చింది. చివర్లో న్యాయనిర్ణేత ఒక్కొక్కరి గురించీ నాలుగు మాటలు చెప్పింది. వదిన వంతు వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇది పియానో పోటీ. గాత్రానికి మార్కులివ్వడానికి నాకు అధికారం లేదు. మాటల గురించి నేనేమీ మాట్లాడను" అంది. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, "కానీ ఇవాళ విరామాలు పాటించింది ఆవిడ ఒక్కరే. అందరూ తరవాతి వాక్యానికి తొందరపడ్డారు. ఆవిడ మాత్రం అవతలివాళ్ళు జవాబు చెప్పేదాకా ఆగినట్టు ఆగారు" అంది. అప్పుడు నాకు ఆ మాట పెద్దగా ఎక్కలేదు.

ముగ్గురం ఇంటికి వచ్చేశాం. అన్నయ్యకి ఫోన్లో చెబితే కాసేపు అటునుంచి చప్పుడే లేదు, బస్సు ఇంజను తప్ప. ఇంటి పరిస్థితి చూసి నేను ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. నాన్న కోటు విప్పి, మడత పోకుండా హ్యాంగరుకి తగిలించి, ఏమీ జరగనట్టు పడుకున్నాడు. వదిన ఆ గది గుమ్మం కూడా తొక్కలేదు.

మర్నాడు సాయంత్రం వదిన ఆఫీసునించి వచ్చి చాలాసేపు ముందు గదిలో కూర్చుంది. నాన్న కుర్చీలో ఎదురుచూస్తున్నాడు. ఎదురుచూస్తున్నాడని నాకెలా తెలిసిందంటే, ఆయన చేతిలో పేపరు తలకిందులుగా ఉంది. చివరికి వదిన లోపలికొచ్చింది. హెడ్‌ఫోను వైరు పీకేసి, పియానో పైకి మోగేలా పెట్టి, పెదాలు బిగించుకుని మొదలుపెట్టింది. మొదటి వాక్యం వచ్చింది. రెండోది వచ్చింది. అక్కడితో చేతులు ఆగిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. ఆఫీసులో తెగినట్టే తెగిపోతోంది.

"మాటలేవమ్మా?" అన్నాడు నాన్న.

వదిన తిరగలేదు. "ఇంక అనలేను మావయ్యగారూ. ఏ మొహం పెట్టుకుని అనను? మీరు ముందే చెప్పాల్సింది. మొదటి రోజే నా జుట్టు పట్టుకుని అడగాల్సింది."

"చెబితే మానేస్తావు కదా."

వదిన వీపు బిగుసుకుపోయింది.

"రోజంతా ఈ ఇంట్లో నన్నెవరూ పిలవరమ్మా" అన్నాడు నాన్న. "మీ తప్పని కాదు. వాడు నిద్ర, నువ్వు పని, అమ్మాయి రైళ్ళు. నా ఉద్యోగంలోనూ అంతే, అంకెలు చెప్పేవాళ్ళే గానీ పిలిచేవాళ్ళు లేరు. సాయంత్రమయ్యేసరికి నువ్వు వచ్చి ఆ స్టూలు మీద కూర్చుని, మావయ్యా మావయ్యా అని అన్నిసార్లు పిలుస్తావు. ఖాళీ చేయమనే పిలిచావనుకో. పిలిచావు కదా! నన్ను 'నువ్వు' అని కూడా అంటావు. గారు పెట్టి దూరం జరపవు. ఊరంతటినీ మీరు మీరు అని వచ్చి, ఇంట్లో ఒక మనిషిని తిట్టుకుంటున్నావు. ఆ మనిషి నేనైనందుకు నాకేం బాధ లేదమ్మా."

మా నాన్న ఒక్క ఊపులో అన్ని మాటలు మాట్లాడగా నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. అమ్మాయి రైళ్ళు అన్న ముక్క మాత్రం నాకు సూదిలా దిగింది.

వదిన కళ్ళు తుడుచుకుని వైరు మళ్ళీ తగిలించింది. హెడ్‌ఫోను పెట్టుకుంది. అలవాటైన చోటు కావడం వల్ల కాబోలు భుజాలు దిగాయి, మెట్లు టకటకలాడాయి. నాకు పాట వినబడలేదు, గొంతు వినబడింది.

"ఎప్పుడు ఖాళీ చేస్తావు మావయ్యా..."

విరామం వచ్చింది. ఆ విరామంలో, నా పక్కన కుర్చీలోంచి, నాన్న జవాబు చెప్పాడు.

"కాసేపు ఆగమ్మా."

నేను అదిరిపడ్డాను. నిన్న హాల్లో ఆ పెదాలు అన్నది ఇదా! ఇన్నేళ్ళుగా అడిగినప్పుడల్లా ఆయన జవాబు చెబుతూనే ఉన్నాడా? చెవులు మూసుకున్న మనిషి వీపుకి చెబుతున్నాడా? వదిన తనపాటికి రెండో వాక్యం పాడుతోంది. నాన్న దానికీ చెప్పాడు, "ఇంకొంచెం ఆగు" అని. ఇక నావల్ల కాలేదు. లేచి వెళ్ళి వదిన చెవి మీంచి హెడ్‌ఫోను ఒక పక్కకి లాగేశాను.

"విను" అన్నాను. "మళ్ళీ మొదటినుంచి పాడి, విను."

వదిన బిత్తరపోయి నన్ను చూసింది. నాన్న దొంగతనం బయటపడ్డవాడిలా కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. వదిన మెట్ల మీద చేతులు పెట్టి, ఒక చెవి మూసుకుని, ఒక చెవి తెరుచుకుని, భయం భయంగా పాడింది.

"ఎప్పుడు ఖాళీ చేస్తావు మావయ్యా..."

చాలాసేపు ఏమీ వినబడలేదు. విరామం దాటిపోయింది. వదిన చేతులు కదపకుండా ఆగింది.

"కాసేపు ఆగమ్మా" అన్నాడు నాన్న, కిటికీ వైపే చూస్తూ.

"సరే మావయ్యా" అంది వదిన. అది పాటలో కాదు, మామూలుగానే అంది. తర్వాత రెండో వాక్యం అందుకుంది.